పి.ఎఫ్. లెక్క - పన్ను కాగితం

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీలు ఉన్నాయి. వేలమంది ఆడవాళ్లు అక్కడ పని చేస్తున్నారు. వాళ్ల జీతంలో నెలనెలా పి.ఎఫ్. కోస్తారు. పి.ఎఫ్. అంటే ప్రావిడెంట్ ఫండ్. తెలుగులో భవిష్య నిధి అంటారు. దీని చట్టం 1952లో వచ్చింది. పని మానేశాక, ముసలితనంలో ఈ సొమ్ము మనకు ఆసరా.

పి.ఎఫ్.లో రెండు వాటాలు ఉంటాయి. ఒకటి మనది. రెండోది కంపెనీది. పి.ఎఫ్. లెక్కకట్టే జీతం రూ.10,000 అనుకుందాం. నూటికి 12 చొప్పున మన వాటా రూ.1,200. కంపెనీ కూడా రూ.1,200 కట్టాలి. కంపెనీ వాటాను మన జీతంలో కోయకూడదు.

పాస్‌బుక్కులో కంపెనీ వాటా రూ.367 అనే ఉంటుంది. అది తప్పు కాదు. మిగతా రూ.833 పింఛను ఖాతాకు పోతుంది. పదేళ్లు పని చేసిన వాళ్లకు 58 ఏళ్లు నిండాక ఆ పింఛను వస్తుంది.

పన్ను ఎందుకు కోస్తారు?

మామూలుగా ఐదేళ్లు నిండకుండా పి.ఎఫ్. తీసుకుంటే, ఆ సొమ్ము రూ.50,000 గానీ అంతకు మించి గానీ ఉంటే, నూటికి 10 పన్ను కోస్తారు. పాన్ నంబరు ఇవ్వకపోతే ఇంకా ఎక్కువ కోస్తారు. పన్ను పడనంత తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ఆ మాట ముందే రాసి ఇవ్వొచ్చు. దానికి ఒక పత్రం ఉంది. అది ఇస్తే పన్ను కోయరు.

చోడవరంలో ఒక అక్క ఉందనుకుందాం. మూడేళ్లు పని చేసి మానేసింది. ఆమె పి.ఎఫ్. లెక్క ఇదీ:

ఆమె వాటా: రూ.43,200
కంపెనీ వాటా: రూ.13,212
వడ్డీ: రూ.6,588
మొత్తం: రూ.63,000

ఇందులో పన్ను కింద రూ.6,300 కోశారు. చేతికి రూ.56,700 వచ్చింది. ఆమె ఏడాది ఆదాయం తక్కువ. అసలు పన్నే పడదు. కోసిన డబ్బు తిరిగి రావాలంటే రిటర్ను వేయాలి. రిటర్ను అంటే ఏడాది ఆదాయం, కట్టిన పన్ను చూపే లెక్క.

ఎవరో రిటర్ను వేసిపెట్టారు. డబ్బు రాలేదు. అక్క కూతురు ఆ కాగితం చదివింది.

"అమ్మా, ఇందులో పి.ఎఫ్. మాటే లేదు. కోసిన పన్ను దగ్గర సున్నా ఉంది."

"అయితే నా ఆరు వేలూ పోయినట్టేనా?"

"పోలేదమ్మా. గడువు దాటలేదు. సవరించి మళ్లీ వేయొచ్చు."

తప్పు ఎలా దిద్దాలి?

1. పాన్ నంబరు మీద ఎంత పన్ను జమ అయిందో పన్ను శాఖ పట్టికలో చూడాలి. అక్కడ రూ.6,300 ఉండాలి.

2. సవరించిన రిటర్ను వేయాలి. మొదటి రిటర్ను నంబరు, తేదీ అందులో రాయాలి.

3. కంపెనీ వాటా, వడ్డీ కలిపి రూ.19,800 ఆదాయంగా చూపాలి. అక్క తన వాటా మీద ఇంతకు ముందు పన్ను మినహాయింపు తీసుకోలేదు. కాబట్టి ఆ రూ.43,200 ఆదాయం కాదు. అది ఆమె దాచుకున్న డబ్బే.

4. కోసిన పన్ను దగ్గర రూ.6,300 అని రాయాలి.

5. బ్యాంకు ఖాతా ఆమె పేరున ఉండాలి. నంబరు సరిగా ఉందో లేదో చూడాలి.

6. చివర ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. 30 రోజుల్లో ఈ తనిఖీ పూర్తి కాకపోతే రిటర్ను వేయనట్టే.

గడువు దాటితే ఇలా సవరించడానికి వీలుండదు. ఆ తేదీ ముందే కనుక్కోవాలి.

గుర్తుంచుకోండి

జీతం చీటీ, పాస్‌బుక్కు, రిటర్ను మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. అంకెలు కలవకపోతే అడగండి. పి.ఎఫ్. ఖాతాకు కలిపిన ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే నిల్వ ఎంతో తెలుస్తుంది. సందేహాలకు 14470కు ఫోను చేయొచ్చు. పి.ఎఫ్. కార్యాలయం విశాఖపట్నంలో ఉంది.

ఒకప్పుడు చదవకుండా వేలిముద్ర వేసి ఎందరో మోసపోయారు. చదవకుండా ఓటీపీ చెప్పడం కూడా అలాంటిదే. ముందు కాగితం చదవండి. అంకెలు చూడండి. ఆ తరవాతే ఓటీపీ.

లెక్క చేయండి

1. జీతం రూ.12,000 అయితే మన పి.ఎఫ్. వాటా ఎంత?

2. అక్క రిటర్నులో ఉన్న రెండు తప్పులు ఏవి?

3. మీ ఇంట్లో ఎవరికైనా పి.ఎఫ్. కోస్తున్నారా? జీతం చీటీ తెచ్చి కేంద్రంలో అందరూ కలిసి చదవండి.