రక్తం ఆగిన నెలల్లోనే అసలు పని

గోదావరిఖనిలో పిల్లలకు జిగట విరేచనాలైతే ముందు మెడికల్ షాపుకు పోయి అమీబా గోలీలు తెస్తాం. రెండు వారాలు దాటినా రక్తం పడుతుంటే, బిడ్డ రాత్రి నిద్రలేచి దొడ్డికి పరుగెత్తుతుంటే, బరువు తగ్గుతుంటే ఇక షాపు మాట వదిలేయండి. అది అల్సరేటివ్ కొలైటిస్ కావచ్చు. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు ఇది. పిల్లల్లో చాలాసార్లు పేగంతా పాకుతుంది. మలపరీక్షలో ఇన్ఫెక్షన్ లేదని తేలాక, కొలనోస్కోపీలో చిన్న ముక్క తీసి చూస్తేనే ఖాయమవుతుంది.

ఈ పరీక్షకు పోయే ముందు, సింగరేణి బొగ్గు గనుల పర్మనెంటు కార్మికులైతే ఏరియా దవాఖానలో రెఫరల్ రాయించుకున్నాకే హైదరాబాద్ బండెక్కండి. కాంట్రాక్టు కార్మికులైతే ఈఎస్ఐ ఉందా, ఆరోగ్యశ్రీ ఉందా, అందులో బిడ్డ పేరు ఎక్కిందా అన్నది ఇవాళే చూసుకోండి.

మన ఇళ్లల్లో ఎక్కువ నష్టం జరిగేది జబ్బు తగ్గాకే. రక్తం ఆగగానే పేగు వాపుకు ఇచ్చే మెసలమైన్ గోలీలు మానేస్తాం, ఆ రోజు మస్టర్ (హాజరు) పోతుందని చెకప్ వాయిదా వేస్తాం. కొన్ని నెలలకు జబ్బు తిరగబడితే వరుసగా నాగాలు పడతాయి. అందుకే బిడ్డ బాగున్నప్పుడే చెకప్ తేదీ చూసుకుని సెలవు ముందుగా అడగండి. గోలీలు అయిపోవడానికి రెండు వారాల ముందే తెచ్చిపెట్టుకోండి. డాక్టరు స్టెరాయిడ్ రాసి ఉంటే, దాన్ని సొంతంగా ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి. ఒంటినొప్పులకని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకండి. వీటితో జబ్బు మళ్లీ రేగవచ్చు.

బాయిలో దిగాక మీ చేతిలో ఫోన్ ఉండదు. గని ఆఫీసు నంబరు ఇంటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. వేరే షిఫ్టులో పనిచేసే పక్క క్వార్టరు అన్నకు బిడ్డ దవాఖాన ఫైలు ఎక్కడుందో చూపించండి. రోజుకు ఆరుసార్లకు మించి రక్తవిరేచనాలు, జ్వరం, కడుపుబ్బరం, గుండెదడ - వీటిలో ఏది ఉన్నా మీ షిఫ్టు అయ్యేదాకా ఆగొద్దు. బిడ్డను ఆ అన్నతోనే దవాఖానకు పంపించాలి.

కారం తగ్గించండి గానీ పత్యం పేరుతో బిడ్డను మాడ్చకండి. ఎదిగే వయసు. జబ్బు వల్లా, స్టెరాయిడ్ వల్లా ఎత్తు పెరగడం మందగించవచ్చు, ఆడపిల్లలు రజస్వల కావడం ఆలస్యం కావచ్చు. మూడు నెలలకోసారి ఎత్తు, బరువు రాయండి, రక్తహీనత ఉందేమో అడగండి. బడిలో పదో తరగతి పిల్లలు దొడ్డికి పోతానని చెప్పడానికి సిగ్గుపడి పొద్దంతా బిగబట్టుకుంటారు. హెడ్మాస్టరును కలిసి, అడగగానే బయటికి పంపాలని డాక్టరు రాసిచ్చిన కాగితం ఇవ్వండి. పరీక్షల ముందు ఇన్విజిలేటరుకూ ఆ సంగతి చేరేలా చూడండి.