కంప్యూటరు చెప్పిందట, నమ్మాలా? – కాలామ సుత్తం మనకిచ్చే పాఠం



కోసల దేశంలోని కేసపుత్తలో కాలాములు బుద్ధుణ్ణి ఒక మాట అడిగారు. ఊరికొచ్చిన ప్రతి గురువూ తనదే నిజం, పక్కవాడిది అబద్ధం అంటున్నాడు. మేం ఎవర్ని నమ్మాలి? బుద్ధుడు నన్ను నమ్మండి అనలేదు. విన్నామని, తరతరాలుగా వస్తోందని, గ్రంథంలో ఉందని, తర్కానికి కుదిరిందని, చెప్పేది మా గురువని దేన్నీ ఒప్పుకోవద్దన్నాడు. దానివల్ల మేలా, కీడా? వివేకులు మెచ్చుకుంటారా, తప్పుపడతారా? మీరే చూసి తేల్చుకోమన్నాడు.

తర్కానికి కుదిరినా సరే, అంతటితో నమ్మొద్దన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి. ఇవాళ మనకు దానితోనే పని.

యంత్రం ఎట్లా నిర్ణయిస్తుంది?

రెండు దారులున్నాయి. ఒకటి, మనుషులే నియమాలు రాసిపెట్టడం. 1970లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మైసిన్ అనే ప్రోగ్రాం తయారైంది. బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బులకు ఏ మందు వాడాలో సూచించేది. అందులో దాదాపు 600 నియమాలు. ఎందుకలా చెప్పావని డాక్టరు అడిగితే, ఏ నియమం వాడిందో చూపించేది.

రెండోది, పాత రికార్డులు ఇచ్చి, పోలికలు నువ్వే వెతుక్కో అనడం. ఇక్కడ ఎందుకు అంటే జవాబు దొరకడం కష్టం. పైగా పాతవాటిలో అన్యాయం ఉంటే అదీ నేర్చుకుంటుంది. అమెజాన్ కంపెనీ ఉద్యోగ దరఖాస్తులు వడపోయడానికి ఇట్లాంటిది తయారుచేసింది. నేర్పించిన పదేళ్ల దరఖాస్తుల్లో ఎక్కువ మగవాళ్లవే. దాంతో అది ఆడవాళ్లను వెనక్కి నెట్టింది. ఆ సంగతి 2018లో పత్రికలకెక్కింది. మనిషిని చూడకుండా పాత లెక్క చూసి తీర్పు చెప్పడం మనకు కొత్తా? కులం చేసేది అదే కదా!

మన ఇంటి దాకా వచ్చింది

తెలంగాణలో సమగ్ర వేదిక అనే ఏర్పాటు ఉంది. వేర్వేరు శాఖల రికార్డుల్లోని పేర్లు, అడ్రసులు కలిపి చూస్తుంది. కారు ఉన్నవాళ్లకు రేషన్ అక్కర్లేదు, ఈ పేరు మీద కారుంది, కాబట్టి ఈ ఇంటికి కార్డు అక్కర్లేదు. తర్కం బాగానే కుదిరింది. కానీ ఆ కారు అదే పేరున్న వేరే మనిషిదైతే? అక్కడ పొయ్యి ఆరిపోతుంది. నోటీసు కూడా ఇవ్వకుండా కార్డులు తీసేశారని కేసు పడితే, 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే, వెళ్లి కళ్లతో చూడండి అని!

చదువు ఒక్కటే చాలదు, శీలం లేని చదువు ప్రమాదమని బాబాసాహెబ్ మనకు నేర్పారు. యంత్రం దగ్గర సమాచారం ఉండొచ్చు. శీలం, కరుణ మాత్రం దాన్ని వాడే మనిషిలోనే ఉండాలి. అందుకే "కంప్యూటర్లో అట్లా వచ్చింది" అనేది జవాబు కాదు. జవాబు చెప్పాల్సింది అధికారి.

మీరేం చేయాలి?

కార్డో, పింఛనో ఆగితే మూడు ప్రశ్నలు అడగండి. ఏ రికార్డు చూసి ఆపారు? మా ఇంటికొచ్చి ఎవరు పరిశీలించారు? కారణం కాగితం మీద రాసిస్తారా? అర్జీ రాసిచ్చి రసీదు తీసుకోండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. రేషన్ విషయమైతే 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం జిల్లా స్థాయిలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు. చదువురాని అవ్వలకు, తాతలకు ఈ అర్జీ రాసిపెట్టడమూ ధమ్మాచరణే.

ఇదే పరీక్ష మనకూ పెట్టుకుందాం. ఫోన్లో బాబాసాహెబ్ బొమ్మతో ఒక మాట వస్తే, ఆయన అన్నారో లేదో చూడకుండా పదిమందికి పంపితే మనకూ యంత్రానికీ తేడా ఏంటి?

వచ్చే ఆదివారం విహారంలో చర్చించండి: మీ ఇంట్లో ఈ మధ్య తీసుకున్న ఒక నిర్ణయం చూసి తీసుకున్నదా, విని తీసుకున్నదా?

భవతు సబ్బ మంగళం.