పసిబిడ్డల జ్వరము

జ్వరము రోగము కాదు. రోగమున్నదని దేహము తెలుపు గుర్తు. దేహములోనికి సూక్ష్మజీవులు ప్రవేశించినపుడు, మెదడులో ఉష్ణమును క్రమపరచు కేంద్రము తన మట్టమును కొంత పైకి జరుపును. అంతట ఒళ్లు కాలును. ఈ సూక్ష్మజీవులలో ముఖ్యమైనవి వైరసులు, బాక్టీరియాలు. పిల్లలకు వచ్చు జ్వరములలో అధికభాగము వైరసుల వలననే కలిగి, కొలది దినములలో తమంతట తామే శాంతించును. బాక్టీరియాల వలన వచ్చునవి కొద్ది. కాని ఆ కొద్దిలోనే రక్తమునంతను వ్యాపించునవియు, మెదడు పొరలను వాపజేయునవియు కలవు. పెక్కు సామాన్య జ్వరముల నడుమ దాగియుండు అట్టిదానిని గుర్తించుట యెట్లు? వైద్యులకే కఠినమైన ఈ ప్రశ్నను మేము పాఠముగా నెత్తుకొనుటకు కారణమున్నది. మీలో పలువురి యిండ్లలో తమ్ముడో చెల్లెలో, అక్కగారి బిడ్డయో ఉయ్యాలలో నుండును. తల్లిదండ్రులుకూడ దీనిని చదువవలెనని మా కోరిక.

మొదటి పని కొలుచుట. నుదుట అరచేయి యుంచి “కాలిపోవుచున్నది” అనుట కొలత కాదు. చన్నీట పనిచేసి వచ్చిన చేతికి మామూలు నుదురుకూడ వెచ్చగనే తోచును. పూర్వము థర్మామీటరు అడుగు పొడవుండి, ఒక్క రోగిని చూచుటకు ఇరువది నిమిషములు పట్టెడిది. 1866 ప్రాంతమున ఆల్‌బట్ అను ఆంగ్ల వైద్యుడు దానిని ఆరంగుళములకు కుదించి, అయిదు నిమిషములలో తేల్చునట్లు చేసెను. నేడు అంకెలు చూపు థర్మామీటరు మందుల అంగడిలో దొరకును. బిడ్డ చంకను పొడిగా తుడిచి, మొనను చంక నడుమ నుంచి, చేతిని ఒంటికి అదిమి, అది కూయువరకు పట్టుకొనవలెను. మలద్వారమున కొలిచినపుడు 38 సెంటిగ్రేడు డిగ్రీలు, అనగా 100.4 ఫారన్‌హీటు, లేక అంతకు మించియున్నచో జ్వరమని వైద్యుల నిర్ణయము. చంకలో కొలత కొంత తగ్గి వచ్చును. కావున రెండు నెలలు నిండని శిశువునకు చంకలో 37.5, అనగా 99.5 ఫారన్‌హీటు, ఉన్నను జ్వరముగనే యెంచవలెను. 35.5 సెంటిగ్రేడు కంటె తగ్గి ఒళ్లు చల్లబడినచో అదియు అపాయ సూచనయే. పసికందునకు రక్తములో బాక్టీరియా చేరినపుడు జ్వరము రాక, ఒళ్లు చల్లబడుటయు కలదు.

ఇక పెక్కుమంది తడబడు చోటికి వత్తము. 104 అనిన అందరును భయపడుదురు, 100.6 అనిన “కొంచెమే గదా” యందురు. మూడేండ్ల బాలుడు 103 జ్వరమునుండి కొంచెము దిగగానే లేచి ఆడుకొనవచ్చును. ఇరువది దినముల శిశువునకు 100.6 ఉన్నచో తెల్లవారువరకు ఆగరాదు, ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. కావున వైద్యుడు మొట్టమొదట అడుగునది జ్వరమెంత యని కాదు, బిడ్డకెన్ని దినములని. ఏలయన, మూడు నెలలలోపు శిశువు దేహము సూక్ష్మజీవులను చేరినచోటనే నిలిపివేయజాలదు. అవి త్వరగా రక్తమునకును, మెదడు పొరలకును ప్రాకును. ఆ వయసు బిడ్డ నొప్పి యెచటనో చూపజాలదు, పెద్దబిడ్డవలె మెడ బిగియకపోవచ్చును. జ్వరమొక్కటే గుర్తుగా నుండవచ్చును.

అమెరికా శిశువైద్యుల అకాడమీ 2021లో ప్రకటించిన నియమావళి, చూపునకు ఆరోగ్యముగా తోచు శిశువులనుకూడ జ్వరమున్నచో దినములనుబట్టియే మూడు తరగతులుగా విభజించినది: 8 మొదలు 21 దినములవారు, 22 మొదలు 28, 29 మొదలు 60. మొదటి తరగతివారికి మూత్రము, రక్తము, వెన్నునీరు మూడును పరీక్షించి, ఆసుపత్రిలో నుంచుకొని, ఫలితములకై వేచియుండక మందు ప్రారంభింతురు. మూడవ తరగతివారికి మూత్రము, రక్తము బాగుగా నున్నచో వెన్నునీరు తీయకయే, ఇంటివద్ద జాగ్రత్తగా కనిపెట్టియుండి మరల చూపించుటకు వీలున్నది. నడిమి తరగతివారి విషయము పరీక్షల ఫలితమునుబట్టి తేలును. ఇన్ని లెక్కలు పుట్టిన తేదీ మీద నిలిచియున్నవి. “నెల బిడ్డ” అని ఉజ్జాయింపుగా చెప్పిన చాలదని మీరే గ్రహింపగలరు.

వెన్నునీరు అనగానే తల్లులు బెదరుదురు. “వెన్నులో సూది గ్రుచ్చిన కాళ్లు పడిపోవును” అను మాట మన ఊళ్లలో మేము పలుమారు విన్నాము. అది నిజము కాదు. వెన్నుపాము వెన్నెముక చివరివరకు దిగదు. అది ముగిసిన తరువాత క్రింది ఎముకల సందున, నీరుండుచోట సూది గ్రుచ్చుదురు. మెదడు పొరల వాపును రూఢిగా తెలిసికొనుటకు దీనికి సమమైన పరీక్ష వేరొకటి లేదు. సమయమునకు తెలియని ఆ వాపు చెవుడు, బుద్ధిమాంద్యము, మరణము తెచ్చునది, సూది కాదు.

పసిబిడ్డలలో దాగియుండు తీవ్రమైన బాక్టీరియా వ్యాధులలో మిక్కిలి తరచైనది మూత్రమార్గమునకు వచ్చునది. దగ్గు, జలుబు లేక జ్వరము మాత్రమే యుండును. కొంచెము పెరిగిన బిడ్డ మూత్రము పోయునపుడు ఏడ్చును. ఇచటనే మన భాష మనలను మోసపుచ్చును. “వేడి చేసినది” అని బార్లీ నీళ్లు పట్టి ఊరకుందుము. తమిళమున “సూడు” అను మాటయు ఇట్టిదే. వేడి చేయుట వేరు, జ్వరము వేరు. అకారణముగా జ్వరము తగ్గకున్నచో మూత్రపరీక్ష తప్పదు. ఒంటికి అంటించిన సంచిలో పట్టిన మూత్రమున చర్మముపై బాక్టీరియా కలియును. కావున శిశువులకు సన్నని గొట్టముతో తీయుదురు. అది క్రూరత్వము కాదు.

మూడు నెలలు దాటిన బిడ్డ విషయమున అంకె కంటె బిడ్డనే చూడవలెను. పాలు త్రాగుచున్నదా? పిలిచిన చూచుచున్నదా? త్రాగినదంతయు వాంతి యగుట, మగతగా పడియుండుట, మాడు ఉబ్బుట, డొక్కలెగురవేయుట, మూర్ఛ వచ్చుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను జాగు చేయరాదు. ఊపిరి లెక్కించుట మీరే చేయగల పని. బిడ్డ ఏడ్వక నిమ్మళముగా నున్నపుడు చొక్కా పైకెత్తి, గడియారపు సెకనుల ముల్లు చూచుచు పూర్తిగా ఒక నిమిషము లెక్కింపుడు. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, అయిదేండ్లలోపు 40, లేక అంతకు మించినచో ఊపిరి వేగముగా నున్నట్లు. న్యుమోనియా యేమోయని అనుమానింపవలెను.

పారాసెటమాలు జ్వరమును దించును గాని దాని కారణమును తీయదు. మందుతో జ్వరము దిగినది గనుక ఇది సామాన్య జ్వరమే యనుకొనుట సరికాదు. బాక్టీరియా జ్వరముకూడ దిగును. మోతాదు బిడ్డ బరువునుబట్టి యుండును. మూడు నెలలలోపు వైద్యునడుగక ఇయ్యరాదు. ఆస్పిరిను పిల్లలకు కూడదు. దుప్పట్లు కప్పుట, మంచునీట తుడుచుట రెండును మానవలెను. వాతలు పెట్టుటను గూర్చి వ్రాయవలసివచ్చుటయే మాకు బాధ. కాలిన పుండు బాక్టీరియాకు మరియొక ద్వారము. ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు కొందరు బిడ్డలకు జ్వరముతో మూర్ఛ వచ్చును. అపుడు బిడ్డను ప్రక్కకు తిరిగి పండుకొనబెట్టి, నోటిలో చెంచాను గాని వ్రేలిని గాని దూర్పక, ఎంతసేపుండెనో గడియారము చూచి, వైద్యునికి చూపవలెను.

మన ఇండ్లలో పలువురు తల్లులకు తెలుగు దప్ప వేరు భాష రాదు. ఆసుపత్రిలో వ్యవహారమంతయు తమిళము. బడిలో తమిళముకూడ నేర్చుచున్న మీరే వారికి నోరు. “ఒళ్లు వెచ్చన” అని తల్లి చెప్పినదానిని “సూడు” అని మార్చి చెప్పిన అర్థము చెడును, “కాయ్‌చ్చల్” అనవలెను. మూర్ఛను “వలిప్పు” అందురు. ఊపిరిని “మూచ్చు” అందురు. పుట్టిన తేదీ, కొలిచిన జ్వరము, కొలిచిన గంట, ఇచ్చిన మందు, కడపట పాలు త్రాగిన వేళ, కడపట మూత్రము పోసిన వేళ, ఇవి కాగితముపై వ్రాసికొని పొండు.

టీకా పుస్తకముకూడ సంచిలో నుండవలెను. మెదడు పొరల వాపును, న్యుమోనియాను కలిగించు హిబ్ అను బాక్టీరియాను అడ్డు అయిదు వ్యాధుల టీకా, 2011 డిసెంబరున దేశమున మొదట తమిళనాడు, కేరళములందే ప్రభుత్వము తరపున ప్రారంభమైనది. 6, 10, 14 వారములకు వేయుదురు. న్యుమోకాకస్ టీకా 2021 నాటికి దేశమంతటికి వ్యాపించినది. అది 6, 14 వారములకును, 9 నెలలకును. ఇవి అన్నియు పడిన బిడ్డకు రక్తములో బాక్టీరియా దాగియుండు అవకాశము మిక్కిలి తగ్గును. వైద్యుడు ఎంతవరకు పరీక్షింపవలెనో నిర్ణయించుటలో ఆ పుస్తకములోని తేదీలు లెక్కకు వచ్చును.