చిన్నపిల్లల మొండితనం: మాజూన్ కంటే ముందు పరీక్ష

"హకీం సాబ్, వీడు మాట వినడు, కొడతాడు, కరుస్తాడు. నిమ్మళంగా ఉండేట్టు ఏదైనా మాజూన్ ఇవ్వండి" అని అడిగే తల్లులు చాలామంది. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు మొదట కావలసింది మాజూన్ కాదు, పరీక్ష.

యునానీ ప్రకారం బాల్యపు మిజాజ్ వేడి, తేమ. కొంత అల్లరి ఆ వయసుకు సహజం. పిల్లలను కోపం, భయం, దుఃఖం, నిద్రలేమి నుంచి కాపాడాలని ఇబ్నె సీనా 'అల్ ఖానూన్'లో చెప్పారు. కనుక ముందుగా ఇవి గమనించండి.

నిద్ర: 3-4 ఏళ్ల పిల్లలకు రోజుకు 10-13 గంటల నిద్ర అవసరం. రోజూ నోరు తెరిచి గురక పెడుతుంటే డాక్టరుకు చూపించండి.

చెవి: పిలిస్తే పలకనివాడు మొండివాడే కానక్కరలేదు. వినికిడి తగ్గి ఉండవచ్చు.

కడుపు, రక్తం: మలబద్ధకం, నులిపురుగులు, రక్తహీనత పిల్లలను చిరాకు పెడతాయి.

మొబైల్: ఈ వయసులో రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి ఫోన్ ఇవ్వకండి.

అమ్మీ వద్దన్నది దాదీ ఇస్తే పిల్లవాడు ఏడ్చి సాధించుకోవడం నేర్చుకుంటాడు. ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండండి. మంచి పని చేయగానే మెచ్చుకోండి. కొట్టకండి, దెబ్బ తిన్నవాడు కొట్టడమే నేర్చుకుంటాడు. 'శైతాన్' అని పేరు పెట్టకండి. నిద్రపుచ్చడానికి నల్లమందు కలిసిన ఘుట్టీ ఎన్నడూ పోయకండి, అది ప్రాణం తీయగలదు.

దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు మన పిల్లలు ఇంట్లో తెలుగు, ఉర్దూ, బయట మరాఠీ వింటారు. ఇన్ని భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. అన్ని భాషల మాటలూ కలిపి లెక్కించండి. రెండేళ్లు నిండినా రెండు మాటలు జోడించకపోయినా, కళ్లలోకి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆలస్యం చేయకండి.

ఎక్కడికి వెళ్లాలి? ముందు అంగన్‌వాడీకి. 2013 ఫిబ్రవరిలో మన మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. అందులో ఆయుష్ డాక్టర్లు ఉంటారు. ఎదుగుదల, మాట, ప్రవర్తన లోపాలు కూడా చూస్తారు, అవసరమైతే పెద్ద ఆసుపత్రికి పంపుతారు. ఈ సేవకు డబ్బు కట్టనక్కరలేదు. బృందం వచ్చే తేదీ అంగన్‌వాడీ సేవికను అడిగి తెలుసుకోండి. ఆ రోజు పిల్లవాడిని ఇంట్లో ఉంచకండి. మీరు గమనించినవన్నీ దాచకుండా డాక్టరుకు చెప్పండి.