గాలి కరెంటు, బొగ్గు కరెంటు – మన ఊపిరితిత్తులు

ఆస్తమా రోగికి నెబ్యులైజర్ పెట్టాలన్నా, కిడ్నీ జబ్బు ఉన్నవారికి డయాలసిస్ చేయాలన్నా కరెంటు కావాలి. ఒక్కసారి డయాలసిస్‌కు యంత్రం సుమారు నాలుగు గంటలు ఆగకుండా నడవాలి. ఉద్దానం నుంచి వచ్చే కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ కరెంటు దేనితో తయారవుతోంది అన్నది కూడా ఆరోగ్యానికి సంబంధించిన విషయమే.

మనకు దగ్గరలో ఉన్న పెద్ద విద్యుత్ కేంద్రం పరవాడ దగ్గరి ఎన్‌టీపీసీ సింహాద్రి. దాని సామర్థ్యం 2,000 మెగావాట్లు. ఇలాంటి కేంద్రాల్లో ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మన దేశపు బొగ్గులో ఇంచుమించు మూడో వంతు బూడిదే. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి వచ్చేదంతా బొగ్గు కరెంటే అనుకుంటే, ఆ ఇంటి కోసం 70 కిలోల బొగ్గు కాలి, ఇరవై కిలోలకు పైగా బూడిద ఎక్కడో ఒక ఊరి పక్కన మిగులుతుంది. పొగగొట్టాల దగ్గర అమర్చే యంత్రాలు ఆ బూడిదలో చాలా భాగాన్ని పట్టేస్తాయి. వాటికి చిక్కని సన్నని దుమ్ము, గంధకపు వాయువులు గాలిలో కలుస్తాయి. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్ననైన ఆ రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి, కొన్ని రక్తంలోకీ చేరతాయి. ఆయాసం, దగ్గు ఎక్కువ కావడమే కాదు, గుండెపోటుకు, పక్షవాతానికి కూడా అవి కారణమవుతాయి.

సోంపేట బీలలో బొగ్గు కేంద్రం వద్దని లేచిన ఉద్యమంపై 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర దగ్గరా అదే జరిగింది. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. ఆ ప్రజలు అభివృద్ధికి అడ్డుపడ్డారని అన్నవాళ్ళున్నారు. అది న్యాయమైన మాట కాదు. పంట, చేప, నీరు పోతే ఎలా బతకాలి, కరెంటు ఎవరికి, బూడిద ఎవరికి అని వాళ్ళు అడిగారు. సోంపేటలో ఆ కేంద్రం కట్టనే లేదు.

మరి గాలిమర? దానికి బొగ్గు అక్కరలేదు, పొగ లేదు, బూడిద లేదు. దేవుడిచ్చిన గాలికి ధర కూడా లేదు. కానీ కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టిన రైతుకు తెలుసు, గాలి మనం పిలిచినప్పుడు రాదు. గాలి వేగం రెట్టింపయితే దానిలోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. సగానికి తగ్గితే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే గాలిమరలను ఎక్కడ పడితే అక్కడ పెట్టరు. మన రాష్ట్రంలో 4,000 మెగావాట్లకు పైగా ఉన్న గాలిమరల్లో దాదాపు అన్నీ రాయలసీమ కొండల మీదే ఉన్నాయి. అక్కడ తయారైన కరెంటు తీగల ద్వారా అందరిదీ అవుతుంది కాబట్టి, మన జిల్లాల్లో మరలు లేకపోయినా ఆ మేలు మనకూ కొంత అందుతుంది.

అక్కడ గాలి జోరు మే నుంచి సెప్టెంబరు వరకే. మిగతా నెలల్లో, ముఖ్యంగా ఎండ కూడా లేని రాత్రివేళ, ఆ లోటును మాచ్‌ఖండ్ లాంటి జలవిద్యుత్తో బొగ్గో పూడ్చాలి. ఇళ్ళకు మరీ దగ్గరగా పెడితే మరల చప్పుడు నిద్ర చెడగొడుతుంది. తేలినీలాపురం లాంటి చోట పక్షుల దారిలో పెట్టడమూ తగదు. ఇన్ని లోపాలున్నా రోగుల వైపు నుంచి చూస్తే మొగ్గు గాలి వైపే. బొగ్గు కేంద్రాలను ఒక్కసారిగా మూసేస్తే ఆసుపత్రులే ముందు ఇబ్బంది పడతాయి. గాలి, సూర్యరశ్మి పెరిగిన కొద్దీ బొగ్గు తగ్గించుకుంటూ పోవడమే దారి.

ఇంతకీ విద్యుత్ కేంద్రం పొగ కంటే దగ్గరి పొగ ఒకటుంది, మన వంటింటి కట్టెల పొయ్యిది. ఇంట్లో ఆస్తమా మనిషి గానీ పసిబిడ్డ గానీ ఉంటే ముందు గ్యాసు పొయ్యికి మారండి. కుదరకపోతే పొయ్యిని బయట వసారాలోకి మార్చండి.

తుపాను రోజుల్లో ఏ కరెంటూ మన చేతిలో ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీకి స్తంభాలు కూలి, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం వాడేవారు నిండు సిలిండరు ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. డయాలసిస్ వారు తుపాను హెచ్చరిక వినగానే తమ కేంద్రానికి ఫోను చేసి, వంతు ముందుకు జరపడానికి వీలవుతుందేమో అడగాలి. జనరేటరును మాత్రం ఎంత వాన పడుతున్నా గదిలో పెట్టి నడపవద్దు. దాని పొగలోని విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.