పావిలికూర: కలుపా, కూరయా?



ఆగిరిపల్లి ప్రాంతమున అంటుమామిడి నాటిన పిదప తొలి నాలుగైదేండ్లు చెప్పుకొనదగిన ఫలసాయము రాదు. తవ్వకము, నీరు, కలుపుతీత మాత్రము తప్పవు. పాదులనుండి పెరికి గట్టుపై పారవేయు కలుపులో పావిలి యొకటి. దీనినే పాయలకూర యనియు, తెలంగాణమున గంగవాయిలి యనియు అందురు. మనము పారవేయు నీ యాకును ఇటలీ దేశమున నేపుల్సు, సిసిలీ ప్రాంతములవారు పచ్చిగానే టమాటాలతోను ఆలివునూనెతోను కలిపి భుజింతురు. మన యిండ్లలో పప్పుతో వండుదురు. కొంచెము పులుపుండుటచే చింతపండు తక్కువ పట్టును.

గుర్తు: కాడ నున్నగా ఎఱ్ఱగా నుండును. ఆకు చిన్నది, దళసరి. పువ్వు పసుపుపచ్చన. కాడ విరిచినపుడు తెల్లని పాలు కారినచో అది పావిలి కాదు, నానబాలు జాతిది, తినరాదు.

కలుపుగా దీని బలము: కాడలో నీరుండుటచే, పెరికి తడినేలపై విడిచిన మొక్క చావక మరల వేరు తొడుగును. పూచిన మొక్కయైనచో పడినచోటనే గింజలు పండించును. ఏపుగా పెరిగిన ఒక్క మొక్క 2 లక్షలకు పైగా గింజల నీయగలదు. అవి మట్టిలో అనేక సంవత్సరములు మొలకశక్తిని నిలుపుకొనును. కావున పూచిన పిదప పెరికి గట్టున వేయుట కలుపు తీయుట కాదు, విత్తుటయే. పూతకు ముందే కోసి వంటకు వాడుట మేలైన కలుపుతీత. మిగిలినదానిని ఎండలో బండపై పూర్తిగా ఎండనీయవలెను.

పెంచు విధము: నూతియొద్ద చిన్న మడి చాలును. గింజలు మిక్కిలి సన్ననివి. ఇసుకతో కలిపి పైపైన చల్లి, చేతితో అదిమి, నీరు చిలుకరింపవలెను. లోతుగా కప్పినచో మొలవవు. కాడ ముక్కలు నాటినను బ్రతుకును. నెల, నెలన్నరకు కోతకు వచ్చును. మొదట రెండంగుళములు విడిచి కోసినచో మరల చిగురించును.

గుణము: ఇందు ఒమేగా-3 అను మేలైన క్రొవ్వు గలదని 1986లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆకుకూరలలో ఇది ఇంత హెచ్చుగా నుండుట అరుదు.

జాగ్రత్తలు: తేనెమంచు పురుగునకు మందు చల్లిన చెట్లక్రింది పావిలిని గాని, కలుపుమందు తగిలినదానిని గాని వంటకు తేరాదు. అమ్మకమునకును పనికిరాదు, కొన్నవాని బిడ్డలును మన బిడ్డలవంటివారే. ఇందు ఆక్సాలిక్ ఆమ్లము హెచ్చుగా నుండుటచే మూత్రపిండములలో రాళ్లు గలవారు మానవలెను. ఇతరులు ఉడికించి నీరు వార్చియో, పెరుగుతోనో తినుట మంచిది. పశువులకును మితిమీరి వేయరాదు.

సభ్యులు ఆలోచింపవలసిన ప్రశ్నలు: మన తోటలో పావిలి పూతకు వచ్చుచున్న దెప్పుడు? గట్టుపై పారవేసిన మొక్కలలో వారము గడచిన పిదప బ్రతికియున్నవెన్ని? మందు తగులని మడికి చోటెక్కడ గలదు? ఈ మూడింటిని స్వయముగా చూచి వచ్చినవారితో వచ్చు సమావేశమున మేము ముచ్చటింతుము.