విద్యార్థుల స్వభావభేదాలు – బోధన

తరగతిలో ప్రశ్న వేసిన తక్షణమే చేయెత్తేవారు కొందరు. సమాధానం తెలిసియూ మౌనం వహించేవారు కొందరు. స్విట్జర్లాండు మనోవైజ్ఞానికుడు కార్ల్ యుంగ్ 1921లో వెలువరించిన గ్రంథంలో అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజన చేశాడు. అయితే అత్యధికులు ఈ రెంటికీ నడుమనే ఉంటారు. మౌనాన్ని మందబుద్ధిగా భావించరాదు. ఆలోచించే వ్యవధినిచ్చి, ముందుగా కాగితంపై వ్రాయనిస్తే అట్టివారి ప్రజ్ఞ బయటపడుతుంది.

ఇక కొందరు కంటితోను, కొందరు చెవితోను, కొందరు చేతితోను నేర్చుకుంటారని, ఎవరి మార్గంలో వారికి బోధించాలని ఒక వాదం ప్రచారంలో ఉంది. 2008లో హెరాల్డ్ పాష్లర్ మొదలైన నలుగురు మనోవైజ్ఞానికులు అంతవరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, ఈ వాదానికి తగిన ఆధారం లేదని తేల్చారు. మార్గాన్ని నిర్ణయించవలసింది పాఠ్యాంశమే. పటం చూడనిదే భూగోళం, చెవితో విననిదే ఛందస్సు ఎవరికీ పట్టువడవు.

అధ్యాపకులమైన మేము ముఖ్యంగా గమనించవలసిన భేదం పూర్వజ్ఞానం. ఉర్దూ మాధ్యమంలో చదివిన విద్యార్థి ఖ, ఘ, ధ, భ లను సునాయాసంగా పలుకుతాడు. ణ, ళ ల వద్ద తడబడతాడు. ఆ ధ్వనులు ఉర్దూలో లేకపోవడమే అందుకు కారణం. అభ్యాసంతో అవి పట్టువడతాయి. 'వీడింతే' అని ముద్ర వేయడం సులభం. ఎక్కడ ఆగాడో చూచి, అక్కడ చేయూతనివ్వడమే అధ్యాపక ధర్మమని మా విశ్వాసం.